ఎడెల్వైస్ సొంతూరు ఏది?

ఆస్ట్రియా 2 సెంట్ల నాణెం మీద ఒక పువ్వు ఉంటుంది. రుమేనియా 50 లేయిల నోటు మీదా అదే పువ్వు. స్విట్జర్లాండ్ సైన్యంలో జనరల్ హోదా ఉన్నవాళ్ల యూనిఫాం మీద నక్షత్రాలకు బదులు అదే. జర్మనీ, ఆస్ట్రియా పర్వతారోహణ సంఘాల గుర్తు కూడా అదే. పేరు ఎడెల్వైస్. జర్మన్‌లో 'ఎడెల్' అంటే ఉన్నతమైనది, 'వైస్' అంటే తెలుపు. ఇంతమంది మాదంటే మాదని చెప్పుకునే ఈ పువ్వు అసలు ఎక్కడిది అని అడిగితే, ఆల్ప్స్ కొండలదని టక్కున చెప్పేస్తారు. అది తప్పు కాదు గానీ సగం జవాబే. మిగతా సగం కోసం వెతికితే ఒక్కో పుస్తకం ఒక్కో మాట చెబుతుంది. ఒకటి ఫ్రాన్స్, స్పెయిన్ మధ్య ఉన్న పిరనీస్ కొండల నుంచి ఆగ్నేయ యూరప్‌లోని బాల్కన్ల దాకా అంటుంది. ఇంకొకటి హిమాలయాల దాకా లాక్కెళ్తుంది. ఒక మ్యాప్‌లో ఫ్రాన్స్ మొత్తానికి రంగు వేసి ఉంటుంది, ఇంకో మ్యాప్‌లో కొండల వెంట నాలుగు చుక్కలు మాత్రమే ఉంటాయి.

వీటిలో ఏదీ అబద్ధం కాదు. ఒక మొక్క సహజంగా ఎంతమేర పెరుగుతుందనేది టేపు పట్టి కొలిచి చెప్పేసే విషయంలా కనిపిస్తుంది. కానీ కొలిచే ముందే కొన్ని తేల్చుకోవాలి. ఏ మొక్కని ఆ పేరుతో పిలుస్తున్నాం, మ్యాప్‌లో రంగు ఎలా వేస్తున్నాం, ఎప్పటి నుంచి లెక్క పెడుతున్నాం. తగాదాలన్నీ ఇక్కడే మొదలవుతాయి.

ముందు మొక్క సంగతి. ఎడెల్వైస్ పొద్దుతిరుగుడు, చామంతుల కుటుంబానికి చెందింది. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి ఒక పువ్వు కాదు. మధ్యలో పసుపు బొడిపెల్లా ఉన్నవి ఒక్కొక్కటీ బోలెడన్ని బుల్లి పూల ముద్ద. చుట్టూ రేకుల్లా విచ్చుకున్న తెల్లటివి రేకులు కావు, తెల్లటి నూగు దట్టంగా కప్పేసిన ఆకులు. కొండ మీద సహజంగా పెరిగినప్పుడు మొక్క జానెడు కూడా ఉండదు. ఎక్కువగా 1,800 నుంచి 3,000 మీటర్ల ఎత్తులో, సున్నపురాయి ఉన్న నేలల్లో, చెట్లు అడ్డురాని చోట ఉంటుంది. గింజకి చిన్న దూది కుచ్చు ఉంటుంది, గాలికి ఎగిరిపోవడానికి. ఈ వివరాలు గుర్తుంచుకుంటే చాలు, తర్వాత ఒక్కొక్కటీ పనికొస్తాయి.

ఒకే పేరు, వేరువేరు మొక్కలు

ఇండోనేషియాలో జావా అగ్నిపర్వతాలు ఎక్కినవాళ్లు ఎడెల్వైస్ చూశామని చెబుతారు. వాళ్లు చూసింది అనాఫాలిస్ జావానికా. న్యూజిలాండ్‌లో కూడా 'ఎడెల్వైస్' ఉంది, అది ల్యూకోజెనెస్ అనే ప్రజాతి (దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు) మొక్క. ఇవన్నీ ఒకే కుటుంబానివే. తెల్లటి నూగు, కొండ మీద నివాసం, ఈ రెండు పోలికలూ చూసి యూరప్ నుంచి వెళ్లినవాళ్లు తమకు తెలిసిన పేరు పెట్టేశారు. ఇలాంటి పేర్లని లెక్కలోకి తీసుకుంటే ఎడెల్వైస్ భూమధ్యరేఖ దాటి దక్షిణార్ధగోళం దాకా పోయిందని రాయాల్సి వస్తుంది. కాబట్టి ఈ చిక్కు తేలికగానే విడిపోతుంది. వాడుక పేరు పక్కన పెట్టి శాస్త్రీయ నామం చూడాలి.

అసలు కష్టం శాస్త్రీయ నామం దగ్గరే వస్తుంది. ఎడెల్వైస్ ప్రజాతి పేరు లియోంటోపోడియమ్. గ్రీకులో సింహపు పాదం అని. దీని కింద ఎన్ని జాతులున్నాయన్నది రాసేవాళ్లని బట్టి 30 నుంచి 60 దాకా మారుతుంది. వాటిలో అత్యధికం ఆసియాలోనే, ముఖ్యంగా నైరుతి చైనా, టిబెట్ ఎత్తుల్లో. హిమాలయాల్లో లియోంటోపోడియమ్ హిమాలయానమ్, లియోంటోపోడియమ్ జాకోటియానమ్ లాంటివి ఉన్నాయి. జపాన్‌లో హయాచినె కొండ పేరు పెట్టుకున్న జాతి ఒకటి ఉంది. కాబట్టి ఉత్తరాఖండ్‌లోనో లద్దాఖ్‌లోనో ట్రెకింగ్‌కి వెళ్లినవాళ్లు "ఎడెల్వైస్ చూశాం" అంటే అది జావా ఎడెల్వైస్ లాంటి పొరపాటు కాదు. వాళ్లు నిజంగానే ఎడెల్వైస్ ప్రజాతి మొక్కనే చూశారు. కాకపోతే నాణెం మీద ఉన్న జాతిని కాదు. దాయాదిని.

గీత ఎక్కడ గీస్తే అక్కడి దాకా

మరి నాణెం మీద ఉన్నదాని పేరేంటి? ఇక్కడో చిన్న పేర్ల కథ చెప్పాలి, ఎందుకంటే మ్యాపులు మారడానికి సగం కారణం ఇదే.

ఫ్రెంచ్ వృక్షశాస్త్రవేత్త కాసినీ 1822లో దీన్ని లియోంటోపోడియమ్ ఆల్పైనమ్ అన్నాడు. ఆల్ప్స్‌ది అని పేరులోనే ఉంది. ఇటలీ మధ్యలో ఉన్న అపెనైన్ కొండల్లో ఇలాంటిదే, ఇంకాస్త పొట్టిగా, ఇంకాస్త నూగుగా ఉండే మొక్కకి నేపుల్స్ శాస్త్రవేత్త టెనోరె అంతకుముందే 'నివాలె' అని పేరు పెట్టాడు, అంటే మంచుకి సంబంధించినది. రెండూ వేరువేరు జాతులు అనుకున్నన్నాళ్లూ రెండిటికీ వేరువేరు హద్దులు. ఒకటి ఆల్ప్స్, పిరనీస్, కార్పేతియన్ కొండలది. ఇంకొకటి ప్రధానంగా అపెనైన్లది. తర్వాత కొందరు ఇవి రెండూ ఒకే జాతిలోని రెండు ఉపజాతులే అన్నారు. ఒకటిగా కలిపితే ముందు పెట్టిన పేరే నిలవాలన్నది వృక్షశాస్త్రంలో నియమం. దాంతో ప్రపంచ ప్రఖ్యాతి ఉన్న ఆల్ప్స్ మొక్క ఒక చిన్న ఇటాలియన్ మొక్క పేరు కింద చేరి, లియోంటోపోడియమ్ నివాలె ఉపజాతి ఆల్పైనమ్ అయింది. కొన్ని పుస్తకాలు ఈ కలపడాన్ని ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు.

నిజానికి అంతకంటే పాత పేరు కూడా ఉంది. మొక్కలకి రెండు మాటల శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని స్థిరపరిచిన స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ దీన్ని వేరే ప్రజాతిలో వేసి, జాతి పేరుగా 'లియోంటోపోడియమ్' అని పెట్టాడు. ఆ మాటే తర్వాత ప్రజాతి పేరు అయిపోయింది. పాత పేరే నిలవాలంటే మొక్క పేరు లియోంటోపోడియమ్ లియోంటోపోడియమ్ కావాలి. జంతుశాస్త్రంలో అలా ఒకే మాట రెండుసార్లు రావచ్చు, గొరిల్లా శాస్త్రీయ నామం గొరిల్లా గొరిల్లానే. వృక్షశాస్త్రంలో కుదరదు.

ఇదంతా గుమాస్తాల గొడవ అనిపించవచ్చు. కానీ దీని ప్రభావం మ్యాప్ మీద నేరుగా పడుతుంది. ఒకప్పుడు ఆసియా మొక్కల్లో కొన్నిటిని కూడా ఆల్పైనమ్‌లో రకాలుగానే లెక్కేసినవాళ్లు ఉన్నారు. వాళ్ల లెక్క ప్రకారం ఎడెల్వైస్ ఒకే జాతిగా స్పెయిన్ నుంచి హిమాలయాల దాకా విస్తరించింది. 1927లో ఆస్ట్రియా శాస్త్రవేత్త హాండెల్ మాట్సెట్టి ఈ ప్రజాతి మొత్తం మీద ఒక పెద్ద అధ్యయనం ప్రచురించాడు. ఆయన అంతకుముందు కొన్నేళ్లు నైరుతి చైనా కొండల్లో తిరిగి మొక్కలు సేకరించినవాడు, అంటే ఆసియా దాయాదుల్ని ప్రత్యక్షంగా చూసినవాడు. అలా ఆసియా జాతుల్ని విడదీసి చూసినప్పుడు యూరప్ ఎడెల్వైస్ పరిధి ఒక్కసారిగా కుదించుకుపోతుంది. కొండ మీద ఒక్క మొక్క కూడా కదల్లేదు. మారింది కాగితం మీద గీత.

నా మట్టుకు నాకు ఇరుకు అర్థమే నయం అనిపిస్తుంది. యూరప్ మొక్కని యూరప్ మొక్కగా చూస్తేనే అది అక్కడికి ఎలా వచ్చిందన్న ప్రశ్న అడగడానికి వీలవుతుంది. అన్నిటినీ కలిపేస్తే ఆ ప్రశ్నే మాయమవుతుంది.

మధ్యలో ఖాళీ

ఆ ప్రశ్న అడిగి తీరాల్సిందే. ఎందుకంటే రుమేనియా కార్పేతియన్ కొండల నుంచి మధ్య ఆసియాలోని తియాన్‌షాన్ దాకా, మధ్యలో వేల కిలోమీటర్ల ఖాళీ ఉంది. ఇటు యూరప్ జాతి, అటు దాయాదులందరూ. మధ్యలో ఎవరూ లేరు. ఆ దారిలో కాకసస్ ఉంది కదా, ఎత్తయిన కొండలు, సున్నపురాయి, పచ్చిక, అన్నీ ఉన్నాయి కదా అంటారేమో. అక్కడ ఎడెల్వైస్ లేదు. 1942లో జర్మన్ సైన్యం కాకసస్ చమురు బావుల మీదికి వెళ్లడానికి వేసుకున్న పథకానికి పెట్టుకున్న పేరు మాత్రం 'ఎడెల్వైస్'. ఆ పువ్వు పూయని కొండల మీదికి ఆ పువ్వు పేరుతో దండెత్తారన్నమాట.

దాయాదులు ఎక్కువగా ఎక్కడుంటే పుట్టిల్లు అక్కడే అయ్యుండాలన్నది జీవశాస్త్రంలో మొదటి అనుమానం. ఎప్పుడూ నిజం కాదు గానీ, ఎడెల్వైస్ విషయంలో డీఎన్ఏ పోలికలు కూడా అటే చూపిస్తున్నాయి. ఈ ప్రజాతి ఆసియా ఎత్తుల్లో రకరకాలుగా చీలింది, యూరప్‌కి వచ్చింది అందులో ఒక చిన్న కొమ్మ. ఎలా వచ్చిందంటే, ఎక్కువమంది ఒప్పుకునే వివరణ హిమయుగాలు. సుమారు 20,000 ఏళ్ల కిందటి ఆఖరి గడ్డు చలి కాలాన్నే ఊహించుకోండి. అలాంటి కాలాల్లో ఆల్ప్స్ మంచు కింద ఉండేది. కానీ ఆ మంచుకి దిగువనా, తూర్పునా, ఇప్పుడు అడవులూ పొలాలూ ఉన్న మైదానాలు చల్లగా, పొడిగా, చెట్లు లేకుండా ఉండేవి. పశ్చిమ యూరప్ నుంచి సైబీరియా దాకా పరుచుకున్న గడ్డి భూమి. మామత్ ఏనుగులు తిరిగిన నేల అదే. గాలికి ఎగిరే గింజ ఉన్న, నీడ గిట్టని, పొడి చలిని తట్టుకునే మొక్కకి అది హైవే లాంటిది. కొండలెక్కి దిగక్కర్లేదు, మైదానం మీదుగానే వచ్చేయవచ్చు.

వాతావరణం వేడెక్కాక అడవి వచ్చి మైదానాన్ని ఆక్రమించింది. నీడ గిట్టని మొక్కకి మిగిలింది ఒకటే దారి, చెట్లు ఎక్కలేని ఎత్తుకి పోవడం. కొండల మీద మిగిలినవి మిగిలాయి, మధ్యలోవి పోయాయి. అంటే ఇప్పుడు మనం చూస్తున్న పరిధి విస్తరించినదాని హద్దు కాదు, వరద తగ్గాక గుంటల్లో నిలిచిపోయిన నీళ్ల లాంటిది.

ఆ తెల్లటి నూగుని కూడా ఈ వెలుగులో చూడాలి. మంచుకి కప్పుకున్న ఉన్ని దుప్పటి అని చాలామంది అనుకుంటారు. చలి కన్నా పొడి గాలీ, మండే ఎండా దానికి పెద్ద శత్రువులు. నూగు నీటిని ఆవిరి కాకుండా ఆపుతుంది, అతినీలలోహిత కిరణాల్ని లోపలికి పోనివ్వదు. ఇది గడ్డి మైదానాల నుంచి వచ్చిన మొక్కకి తగిన కవచం.

పోలిక కోసం డ్రయాస్ అనే ఇంకో కొండ పువ్వుని చూడండి. ఎనిమిది తెల్ల రేకులు, ఐస్లాండ్ జాతీయ పుష్పం. అదీ ఆల్ప్స్‌లో ఉంటుంది, అదీ సున్నపురాయినే ఇష్టపడుతుంది. కానీ దాని పరిధి ఉత్తరానికి సాగి ధ్రువ ప్రాంతంలోని స్వాల్‌బార్డ్ దాకా వెళ్తుంది. ఐర్లాండ్‌లోని బరెన్ ప్రాంతంలో అయితే దాదాపు సముద్ర మట్టం దగ్గరే పూస్తుంది. ఎడెల్వైస్ స్కాండినేవియాలో లేదు, ధ్రువం వైపు వెళ్లలేదు. పక్కపక్కనే పూసే రెండు పూల వెనక రెండు వేరు చరిత్రలు. ఒకటి ఉత్తరాది చుట్టం, ఒకటి తూర్పు చుట్టం. కొండ మీద కనిపించిన ప్రతి పువ్వునీ 'ఆల్ప్స్ మొక్క' అని ఒకే గాటన కట్టేస్తే ఈ తేడా కనబడదు.

మ్యాప్ చెప్పే అబద్ధం కాని అబద్ధం

ఇక మ్యాప్. ప్రపంచ మొక్కల జాబితాల్లో ఎక్కువ వాడేది 1992లో మొదట వచ్చి, 2001లో సవరించిన ఒక ప్రాంతాల పద్ధతి. ప్రపంచాన్ని కొన్ని వందల గళ్లుగా విడగొట్టి, ఒక గడిలో ఎక్కడో ఒకచోట మొక్క సహజంగా ఉంటే గడి మొత్తానికి రంగు వేస్తారు. చాలా చోట్ల గడి అంటే దేశమే. దాంతో ఎడెల్వైస్ మ్యాప్‌లో ఫ్రాన్స్ మొత్తం రంగు పడుతుంది, అట్లాంటిక్ ఒడ్డున ఉన్న బ్రిటనీ తీరంతో సహా. కార్పేతియన్ కొండల్లో నాలుగు చోట్ల అరుదుగా ఉన్నందుకు, నల్ల సముద్రం దాకా సాగిన ఉక్రెయిన్ పచ్చికబయళ్లు కూడా ఎడెల్వైస్ నేలగా కనిపిస్తాయి. విచిత్రం ఏంటంటే ఇదే పద్ధతిలో పశ్చిమ హిమాలయం, తూర్పు హిమాలయం మిగతా భారతదేశం నుంచి విడిగా గళ్లుగా ఉన్నాయి. ఆల్ప్స్‌కి మాత్రం సొంత గడి లేదు.

ఇంకో పద్ధతి, అంతరించే ప్రమాదం లెక్కకట్టేటప్పుడు అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం వాడేది. అన్నిటికన్నా బయట ఉన్న చుక్కల చుట్టూ దారం బిగించి కట్టినట్టు ఒక ఆకారం గీస్తారు. ఎడెల్వైస్‌కి అలా గీస్తే పిరనీస్, తాత్రా (పోలండ్, స్లోవేకియా సరిహద్దులోవి), బాల్కన్ కొండల మధ్య మిలాన్, వెనిస్, బుడాపెస్ట్ అన్నీ లోపలికి వస్తాయి. ఇది తప్పేం కాదు, ఒక్క విపత్తు ఎంత ప్రాంతాన్ని తాకితే జాతి మొత్తం పోతుందో అంచనా వేయడానికి పనికొచ్చే కొలత. దీనికి తోడుగా 2 కిలోమీటర్లకు 2 కిలోమీటర్ల చదరపు గళ్లు వేసి, మొక్క నిజంగా ఉన్న గళ్లనే లెక్కపెట్టే ఇంకో కొలత ఉంది. ఈ రెండు అంకెల మధ్య తేడా చాలా పెద్దగా వస్తుంది, కొండ మొక్కలకి మరీను.

చుక్కల మ్యాపే అన్నిటికన్నా నిజాయితీ అయినది అంటారు. ఒప్పుకుంటాను, కానీ చుక్క పడిందంటే అక్కడ మొక్క ఉందనే కాదు, అక్కడికి మొక్కలు తెలిసిన మనిషి వెళ్లాడని కూడా. రోప్‌వే ఉన్న కొండ మీద చుక్కలు గుంపులుగా ఉంటాయి. రోడ్డు లేని అల్బేనియా లోయలో ఖాళీ ఉంటే అది మొక్క లేని ఖాళీనా, మనిషి వెళ్లని ఖాళీనా అని మ్యాప్ చెప్పదు.

పరిధి లోపల అసలు ఎక్కడ?

పోస్టర్లలో ఎడెల్వైస్ ఎప్పుడూ అగాధం అంచున, రాతి చీలికలో ఉంటుంది. ప్రేమికుడు ప్రాణాలకు తెగించి కోసుకొస్తాడు. ఈ కథ ఎంత బలంగా నాటుకుందంటే మొక్క సహజ నివాసం కొండ చరియే అని చాలామంది నమ్ముతారు. నిజానికి ఇది ఎండ తగిలే పచ్చిక మొక్క. సన్నటి మట్టి పొర, పొట్టి గడ్డి, సున్నపురాయి ఉంటే చాలు, చదునుగా ఉన్న చోట హాయిగా పెరుగుతుంది. బల్గేరియాలోని పిరిన్ కొండల్లో పాలరాయి ఉన్న భాగాల్లో ఉంటుంది, రుమేనియాలోని ఇంత్రెగాల్దె లోయల్లో వెయ్యి మీటర్లకి బాగా కిందే దొరుకుతుంది. రాతి చరియల మీదే ఎందుకు ఎక్కువగా కనిపిస్తుందంటే, చేతికి అందే చోట ఉన్నవి జనం కోసేశారు.

19వ శతాబ్దంలో పర్యాటకం పెరిగి, టోపీలో ఎడెల్వైస్ పెట్టుకోవడం ఫ్యాషన్ అయ్యాక ఈ కోతకి అంతు లేకుండా పోయింది. 1878లోనే స్విట్జర్లాండ్‌లోని ఓబ్‌వాల్డెన్ కాంటన్ (మన రాష్ట్రం లాంటిది) దీన్ని రక్షించడానికి చట్టం చేసింది. జర్మనీలో హోఫాట్స్ అనే కొండ మీద 1930ల నుంచి దశాబ్దాల పాటు పువ్వుకి కాపలా కాశారు. కాబట్టి ఈరోజు మనం ఒక కొండ మీద చూసే విస్తీర్ణం మట్టి, ఎత్తు, వాతావరణం మాత్రమే గీసింది కాదు. మనిషి చెయ్యి ఎంత దూరం చాచగలడన్నది కూడా అందులో ఉంది. అలాగని మనిషి వల్ల నష్టమే జరిగిందనుకోవడానికీ లేదు. వేసవిలో ఆవులు, గొర్రెలు మేసి గడ్డిని పొట్టిగా ఉంచడం వల్ల చెట్లు రాకుండా ఆగిన పచ్చికలు ఆల్ప్స్‌లో ఎన్నో ఉన్నాయి. మేత ఆగిపోయిన చోట పొదలు, ఆ తర్వాత చెట్లు కిందినుంచి ఎక్కుతున్నాయి.

పైనుంచీ ఒత్తిడి ఉంది. స్విట్జర్లాండ్‌లో 3,410 మీటర్ల పిట్స్ లినార్డ్ శిఖరం మీద 1835లో ఓస్వాల్డ్ హేర్ అనే శాస్త్రవేత్తకి ఒక్కటంటే ఒక్క పూమొక్క జాతి కనిపించింది. 2011 నాటికి అక్కడ 16 ఉన్నాయి. 2018లో ప్రచురితమైన ఒక అధ్యయనం యూరప్‌లో 302 శిఖరాల పాత, కొత్త లెక్కల్ని పోల్చి, మొక్కలు పైకి ఎక్కే వేగం ఇటీవలి దశాబ్దాల్లో బాగా పెరిగిందని తేల్చింది. శిఖరం మీద జాతుల సంఖ్య పెరగడం వినడానికి శుభవార్తలా ఉంటుంది. కానీ కొండ పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది, ఎక్కేవాళ్లు ఎక్కువై చోటు తక్కువవుతుంది.

ఇక్కడే 'సహజం' అన్న మాట అసలు చిక్కు బయటపడుతుంది. మనిషి తెచ్చి నాటకుండా తనంతట తాను చేరిన మొక్కే అక్కడి సొంత మొక్క అన్నది వాడుకలో ఉన్న అర్థం. యూరప్‌లో చాలామంది 1500 చుట్టుపక్కల ఒక గీత గీసి, అంతకుముందు మనిషి తెచ్చినవి ఒక రకం వలస, తర్వాత తెచ్చినవి ఇంకో రకం వలస అంటారు. ఎడెల్వైస్ ఇవేవీ కాకుండా తన కాళ్ల మీద తనే వచ్చింది కాబట్టి ఆసియా నుంచి వచ్చినా సరే ఆల్ప్స్‌కి సొంత మొక్కే. అలాగే వేడికి తట్టుకోలేక రేపు ఇంకో 200 మీటర్లు పైకి, ఇంతవరకూ లేని శిఖరానికి చేరితే అక్కడా సొంత మొక్కే. అదే ఎవరైనా కుండీలో తీసుకెళ్లి అదే శిఖరం మీద నాటితే కాదు. పైగా నర్సరీల్లో ఎడెల్వైస్ పేరుతో ఆసియా జాతులు కూడా అమ్ముతారు. అలాంటిది తోట దాటి పచ్చికలోకి పాకితే, దూరం నుంచి చూసి చుక్క పెట్టినవాడు తప్పు చుక్క పెట్టినట్టే.

స్విట్జర్లాండ్‌లోని వాలే కాంటన్‌లో 1990ల నుంచి ఎడెల్వైస్‌ని పొలాల్లో వరసలుగా పెంచుతున్నారు, సౌందర్య సాధనాల కోసం. దానికోసం 'హెల్వెటియా' అనే రకాన్ని కూడా తయారుచేశారు. మొక్క ఆ దేశానిది, మట్టి ఆ కొండలది, ఎత్తు కూడా దాదాపు దానికి అలవాటైనదే. అయినా సహజ పరిధి మ్యాప్‌లో ఆ పొలానికి చుక్క పడదు. అదే కాంటన్‌లో, పైన పశువులు మేసిన గడ్డిలో, ఎవరూ నాటకుండా జానెడు కన్నా పొట్టిగా నిలబడ్డ మొక్కకి పడుతుంది.